ఇంటి ఆఫీసుకు ఇంక్‌జెట్ ప్రింటర్: కొనేముందు చూసుకోవలసినవి, కొన్నాక పాటించవలసినవి

తెనాలిలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. చిన్న దుకాణాల లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను, జూన్ జూలై వచ్చాయంటే ఆదాయపు పన్ను రిటర్నులతో ఊపిరాడదు. అన్నీ ఆన్‌లైన్లోనే అయిపోతున్నాయి కదా, ఇంకా ప్రింటర్ ఎందుకని కొందరు అడుగుతుంటారు. పోర్టల్లో పని అయిపోయే మాట నిజమే. కానీ ఎరువుల షాపు పెద్దాయనకు లెడ్జరు కాగితం మీద కనబడాలి, వేలు పెట్టి ఒక్కో అంకె చూసుకోవాలి. బ్యాంకులో లోన్ ఫైలు పెట్టాలంటే మూడేళ్ల రిటర్నులు, బ్యాలెన్స్ షీట్లు అన్నీ ప్రింట్లుగానే అడుగుతారు, ప్రతి పేజీ కింద సంతకంతో. అందుకని నా బల్ల మీద కంప్యూటర్ తర్వాత ఎక్కువ పని చేసేది ప్రింటరే.

"ఏ కంపెనీది కొనమంటారు?" అని నన్ను చాలామంది అడుగుతారు. కంపెనీ పేరు నేను ముందు చెప్పను. పోయిన నెలలో ఏమేం ప్రింట్ తీయించారో, బయట జిరాక్స్ షాపులో ఎంత ఇచ్చారో చెప్పమంటాను. చాలామంది దగ్గర ఆ లెక్క ఉండదు. ఆ లెక్క లేకుండా షాపుకి వెళితే, అక్కడ ఏ పెట్టె మీద డిస్కౌంట్ రాసి ఉంటే అదే ఇంటికి వస్తుంది.

ఒక నెల కాగితాల లెక్క

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని నెల రోజులు రాయండి. నలుపు పేజీలు ఎన్ని, రంగు పేజీలు ఎన్ని, ఫొటోలు ఏమైనా ఉన్నాయా, స్కాన్ ఎన్నిసార్లు, ఏ4 కంటే పొడుగు కాగితం అవసరం పడిందా. వీటితోపాటు ఇంకోటి తప్పకుండా రాయండి: ప్రింట్ తీయకుండా వరసగా ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు గడిచాయి? ఇంక్‌జెట్ విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఆ అంకెనే. ఇంకు ద్రవం. ప్రింట్ హెడ్‌లో అది బయటికొచ్చే రంధ్రాలు తలవెంట్రుక మందం కంటే సన్నం. వాడకుండా వదిలేస్తే ఆ రంధ్రాల చివర ఇంకు ఎండి పొరకడుతుంది. మా వైపు మే నెలలో తలుపులు తీసి ఫ్యాను వేసుకుని కూర్చుంటామే, ఆ గాలికి ఇంకా తొందరగా ఎండుతుంది.

నెలకి పది పదిహేను పేజీలు, అవీ నలుపే, మధ్యలో రెండు మూడు వారాలు ముట్టుకోరు అనుకుంటే అసలు ఇంక్‌జెట్ జోలికి వెళ్లకండి. వీధి చివర జిరాక్స్ షాపు చాలు. ఇంట్లోనే కావాలంటే నలుపు మాత్రమే వచ్చే లేజర్ ప్రింటర్ తీసుకోండి. దాని టోనర్ పొడి కాబట్టి ఆర్నెల్లు ఊరికే ఉన్నా ఎండేదేమీ ఉండదు. కాకపోతే లేజర్‌కి కరెంటు ఆకలి ఎక్కువ. పొడిని కాగితానికి కరిగించి అంటించే రోలర్ వేడెక్కేటప్పుడు కొన్ని వందల వాట్లు లాగుతుంది. కంప్యూటర్ పెట్టే చిన్న యూపీఎస్ దాన్ని మోయలేదు. ఇంక్‌జెట్ అయితే ప్రింట్ తీసేటప్పుడు కూడా పది ఇరవై వాట్ల దగ్గరే ఉంటుంది, ఇంటి ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా పని ఆగకూడదనుకునే ఇంటి ఆఫీసుకు ఇది చిన్న సంగతి కాదు.

వారంలో రెండు మూడు రోజులైనా ప్రింట్ తీస్తారు, నెలకు వంద పేజీలు దాటుతాయి, అప్పుడప్పుడు రంగు కావాలి, పిల్లల ప్రాజెక్టు బొమ్మలూ ఉంటాయి అంటే, సీసాతో ఇంకు పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ మీ కోసమే.

కాట్రిడ్జా, ట్యాంకా

షాపులో మూడు నాలుగు వేలకు దొరికేవి సాధారణంగా కాట్రిడ్జ్ ప్రింటర్లు, అంటే ఇంకు నింపి వచ్చే చిన్న డబ్బీ అయిపోగానే కొత్తది పెట్టేవి. ట్యాంక్ ఉండి ప్రింట్, స్కాన్, కాపీ మూడూ చేసే ఆల్-ఇన్-వన్ దానికి మూడింతలు పలుకుతుంది. ఆ తేడా చూసి వెనకడుగు వేసేముందు పేజీకి ఎంత పడుతుందో చూడండి. చిన్న కాట్రిడ్జ్ తొమ్మిది వందలు, దాంతో నూట యాభై పేజీలు వస్తాయనుకుందాం. పేజీకి ఆరు రూపాయలు. జిరాక్స్ షాపులో ప్రింట్ దానికంటే చవక! అదే ట్యాంక్‌లో చూడండి. ఎప్సన్ 003 నలుపు సీసా 65 మిల్లీలీటర్లు, 4500 పేజీలని కంపెనీ లెక్క. కెనన్ జీఐ-790 నలుపు 135 మిల్లీలీటర్లు, 6000 పేజీలు. సీసా నాలుగైదు వందలు అనుకున్నా పేజీకి పది పైసల దగ్గరే. 500 కాగితాల రీము మూడు వందలనుకుంటే కాగితమే అరవై పైసలు. ట్యాంక్ ప్రింటర్లో నలుపు ఇంకు కంటే దాని కింద కాగితానికే మీరు ఎక్కువ ఖర్చు పెడుతున్నారన్నమాట.

ఆ 4500, 6000 అంకెలు మాత్రం అలాగే చేతికొస్తాయని అనుకోకండి. అవి అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టిన నమూనా పేజీల మీద తీసిన లెక్కలు. పేజీ నిండా గళ్లు, రంగు హెడ్డింగులు ఉంటే తగ్గుతాయి. పైగా పెట్టెలో వచ్చిన మొదటి సీసాల్లో కొంత ఇంకు గొట్టాలు, హెడ్ నింపడానికే పోతుంది. మొదటి విడత తొందరగా అయిపోయిందని కంగారు పడొద్దు, రెండో విడత నుంచి అసలు లెక్క తెలుస్తుంది.

కాట్రిడ్జ్ ప్రింటర్‌కి కూడా ఒక చోటు ఉంది, దాన్ని తీసిపారేయను. చాలా చిన్న కాట్రిడ్జుల్లో ప్రింట్ హెడ్ కాట్రిడ్జ్‌లోనే ఉంటుంది. ఎండిపోయిందా, కొత్త కాట్రిడ్జ్ వేస్తే కొత్త హెడ్ వచ్చినట్టే. అరుదుగా తీసినా రంగు తప్పనిసరి అనేవాళ్లకు అది సరిపోతుంది.

హెడ్ మాట వచ్చింది కాబట్టి, ట్యాంక్ మోడళ్లలో దాన్ని గురించి అడగడం మర్చిపోకండి. ఇంకును బయటికి తోసే పద్ధతులు రెండు. కెనన్, హెచ్‌పీ వేడితో బుడగ పుట్టించి చుక్కను తోస్తాయి. 1977లో కెనన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలితే చుక్క చిమ్మిందట, ఆ పద్ధతికి బీజం అక్కడే పడింది. ఎప్సన్, బ్రదర్ వేడి లేకుండా, కరెంటు తగిలితే వంగే పీజో పలకతో తోస్తాయి. మనకు దీంతో పనేమిటంటే, కెనన్ జీ సిరీస్‌లోనూ హెచ్‌పీ ట్యాంక్ మోడళ్లలోనూ హెడ్ పూర్తిగా పాడైతే కొత్తది కొని మనమే బిగించుకోవచ్చు. ఎప్సన్ హెడ్ గట్టిది, ఎక్కువకాలం మన్నేలా చేసింది, కానీ పోయిందంటే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాల్సిందే. మీ ఊళ్లో లేదా పక్క ఊళ్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో చూసుకున్నాకే ఏ కంపెనీయో తేల్చుకోండి. మా తెనాలి వాళ్లకి గుంటూరు, విజయవాడ దగ్గర కాబట్టి పర్వాలేదు. మారుమూల ఉండేవాళ్లు ఈ ఒక్క విషయం మీదే తేల్చుకున్నా తప్పులేదు.

నీళ్లు తగిలితే నిలబడే నలుపు

ఈ విషయం పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకాల కాగితాలతో పనిచేసేవాళ్లకు ఇదే అసలు సంగతి. నలుపు ఇంకు రెండు రకాలు. డై ఇంకు నీళ్లలో పూర్తిగా కరిగే రంగు, కాగితం నారలోకి ఇంకిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో సన్నని రంగు రేణువులు ఉంటాయి, అవి కాగితం పైనే నిలిచి ఆరిపోతాయి.

పరీక్ష చాలా తేలిక. రెండు రకాల మీదా ఒకే పేజీ తీసి, ఒక రోజు ఆరనివ్వండి. వేలితో ఒక్కో నీటి చుక్క అక్షరాల మీద వేసి, అర నిమిషం ఆగి, కాగితాన్ని వాలుగా పట్టండి. డై నలుపు అయితే చుక్క అంచు ఊదాగానో నీలంగానో మారి అక్షరం చుట్టూ మరక పాకుతుంది, 3 ఏదో 8 ఏదో తెలియకుండా పోతుంది. పిగ్మెంట్ నలుపు అలాగే కూర్చుని ఉంటుంది, కాగితం తడిసి ఉబ్బుతుందే తప్ప అంకె చెదరదు. పసుపు హైలైటర్ గీసినా ఇదే తేడా కనబడుతుంది. డై అక్షరాల మీద గీస్తే హైలైటర్ మొనకు మసి అంటుతుంది.

వానాకాలం స్కూటర్ మీద బ్యాంకుకి, కోర్టుకి ఫైళ్లు పట్టుకెళ్లేవాళ్లు, చల్లటి సీసా పక్కనే బిల్లులు పెట్టే దుకాణాలవాళ్లు పిగ్మెంట్ నలుపే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. కెనన్ జీఐ-790, హెచ్‌పీ జీటీ53, బ్రదర్ బీటీడీ60బీకే నలుపులు పిగ్మెంట్. ఎప్సన్ ఎల్3150, ఎల్3250 లాంటి వాటిలో పడే 003 నాలుగు రంగులూ డై. పిగ్మెంట్ నలుపు ఉన్న మోడళ్లు ఎప్సన్‌లోనూ ఉన్నాయి, అడిగి తీసుకోవాలి. ఫొటోలు, పిల్లల బొమ్మలు ఎక్కువ తీసేవాళ్లకు డై ఇంకు రంగుల నిగనిగే బాగుంటుంది, వాళ్లు ఈ విషయం పట్టించుకోనక్కర్లేదు.

రిటర్ను వేశాక దాన్ని ధ్రువీకరిస్తూ సంతకం చేసి పంపే ఐటీఆర్-వీ కాగితం విషయంలో ఆదాయపు పన్ను శాఖే ఎంత పట్టింపుగా ఉందో చూడండి. ఇంక్‌జెట్ లేదా లేజర్ మీదే తీయాలి, నల్ల ఇంకుతోనే ఉండాలి, బార్‌కోడ్ స్పష్టంగా కనబడాలి, సంతకం నీలి ఇంకుతో చేయాలి అని దాని సూచనలు. ఇప్పుడు ఎక్కువమంది ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్లోనే ధ్రువీకరిస్తున్నారు. కానీ ఆధార్‌కి ఫోన్ నంబరు కలపని పెద్దవాళ్లు నా దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్ల కాగితం 30 రోజుల లోపు బెంగళూరులో రిటర్నులు పరిశీలించే ఆ శాఖ కేంద్రం సీపీసీకి పోస్టులో చేరాలి. దారిలో తడిసి బార్‌కోడ్ చెదిరితే వాళ్ల రిటర్నే చెల్లకుండా పోయే ప్రమాదం. అందుకే నలుపు దగ్గర నేను రాజీపడను.

స్కానర్, పొడుగు కాగితం, వైఫై

స్కానర్ లేని ప్రింటర్ ఇంటి ఆఫీసుకు అనవసరం. ఇక్కడ ఒక చిక్కుంది. ఇంటి ప్రింటర్ల మీద గాజు పలక సాధారణంగా ఏ4 వరకే. పొలం దస్తావేజులు, కోర్టు అఫిడవిట్లు లీగల్ సైజులో ఉంటాయి. గాజు మీద పెడితే కింద భాగం బయటికి వచ్చేస్తుంది, సాక్షుల సంతకాలు ఉండేది సరిగ్గా అక్కడే. లాయర్ల పని, రిజిస్ట్రేషన్ పని ఉన్నవాళ్లు పైన కాగితాలు తనంతట తాను లాక్కునే ఏడీఎఫ్ ఉన్న మోడల్ తీసుకోవాలి, అది లీగల్ సైజు స్కాన్ చేస్తుందో లేదో కూడా అడగాలి. ఒక దుకాణం కొనుగోలు బిల్లుల కట్ట స్కాన్ చేయాలంటే ఏడీఎఫ్ ఉంటే పెట్టి పక్క పని చూసుకోవచ్చు, లేకపోతే మూత ఎత్తడం దించడంతోనే పొద్దు గడిచిపోతుంది.

రెండు వైపులా తనే తీసే డ్యూప్లెక్స్ ఉంటే కాగితం సగం మిగులుతుంది. లేకపోయినా బేసి పేజీలు ముందు తీసి, కట్ట తిప్పి సరి పేజీలు తీయొచ్చు. పుస్తకాల్లాంటివి తీసేవాళ్లు డ్యూప్లెక్స్ ఉన్నది తీసుకోండి, మిగతావాళ్లు దానికోసం అదనంగా డబ్బు పోయనక్కర్లేదు.

వైఫై ఉండాలి. ఖాతాదారులు అన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు, ఫోన్ నుంచి నేరుగా తీస్తే ఎంత హాయో. తక్కువ ధర మోడళ్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇస్తుంటే ప్రింటర్‌కి అది కనబడదు. కనెక్షన్ దొరకలేదని ప్రింటర్‌ని తిట్టుకునేముందు రౌటర్‌లో 2.4 ఆన్ చేసి ఉందో లేదో చూడండి.

షాపుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీ సొంత పీడీఎఫ్ ఒకటి తీసుకెళ్లండి. అందులో ఒక తెలుగు పేజీ, సన్నని గళ్ల పట్టిక ఒకటి, మనిషి ముఖం ఉన్న ఫొటో ఒకటి ఉండాలి. కంపెనీవాళ్లు చూపించే పూలతోట బొమ్మ ఏ ప్రింటర్‌లోనైనా అందంగానే వస్తుంది. మీ పట్టికలో నిలువు గీత వంకర లేకుండా వచ్చిందా, తెలుగు ఒత్తులు విడివిడిగా కనబడుతున్నాయా, ముఖం ఎర్రబడలేదు కదా, ఇవి చూడండి. వారంటీ ఏడాదేనా, లేక ఇన్ని పేజీలని పరిమితి కూడా ఉందా అని బిల్లు రాయించేముందే అడగండి.

ఇంట్లో పెట్టడం

సమంగా ఉన్న బల్ల మీద పెట్టండి, ఊగే స్టూలు వద్దు. కిటికీ ఎండ, ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. వెనక నుంచి కాగితం పెట్టే మోడల్ అయితే ఆ నోరు ఎప్పుడూ పైకి తెరిచే ఉంటుంది. పెన్ను మూతలు, జడ పిన్నులు, గుండుసూదులు అందులోకే జారతాయి, మా ఇళ్లల్లో బల్లులు కూడా దూరతాయి. పని అయ్యాక కాగితాలు తీసేసి, పాత చున్నీ ముక్క ఒకటి కప్పండి.

ఇంకు పోసేముందు కింద పాత పేపరు పరచండి. ఒక సీసా మూత తీసి, అది పోసి, మూత పెట్టాకే రెండోది తెరవండి. నాలుగూ ఒకేసారి తెరిచి పెట్టుకుంటే ఫోన్ మోగిన క్షణంలో ఏ రంగు ఎక్కడ పోస్తామో తెలియదు. మొదటిసారి గొట్టాలు నింపుకోవడానికి పది ఇరవై నిమిషాలు గరగరమంటుంది. ఆ సమయంలో స్విచ్ తీయకూడదు, మూత ఎత్తకూడదు.

ఆపే విషయం ఒకటి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ప్రింటర్‌ని దాని మీద ఉన్న బటన్‌తోనే ఆపాలి, లైటు పూర్తిగా ఆరాకే గోడ స్విచ్ తీయాలి. బటన్ నొక్కినప్పుడు హెడ్ పక్కకి వెళ్లి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. నేరుగా గోడ స్విచ్ తీస్తే దారి మధ్యలో, నోరు తెరుచుకుని ఆగిపోవచ్చు. హెడ్ ఎండిందని నన్ను పిలిచినవాళ్ల ఇళ్లల్లో నేను ముందు చూసేది ప్రింటర్‌ని కాదు, స్విచ్ బోర్డుని. కంప్యూటర్, ప్రింటర్, రౌటర్ అన్నీ ఒకే స్విచ్ మీద ఉంటే రోగం అక్కడే దొరికిపోతుంది.

డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కోసం కంపెనీ పేరు వెతికితే నకిలీ సైట్లు చాలా వస్తాయి. ఇన్‌స్టాల్ సగంలో "ఎర్రర్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అంటారు, చేస్తే కంప్యూటర్ వాళ్ల చేతిలో పెట్టమంటారు, డబ్బు అడుగుతారు. లెక్కల పని చేసేవాళ్ల కంప్యూటర్లో ఎంతమంది పాన్ వివరాలు ఉంటాయో తలుచుకోండి. పెట్టెలో వచ్చిన కాగితం మీద ఉన్న చిరునామానే టైప్ చేయండి. కస్టమర్ కేర్ నంబరు కూడా ఆ కాగితం మీదిదే.

కాగితం, సెట్టింగులు, తెలుగు

రోజువారీ పనికి 70 లేదా 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు కొలత) కాగితం చాలు. బ్యాలెన్స్ షీట్లకు, రెండు వైపులా తీసేవాటికి 80 వాడితే వెనక అక్షరాలు కనబడవు. వానాకాలంలో కాగితం తేమ పీల్చి అంచులు వంకర తిరుగుతాయి, రెండేసి కలిసి లోపలికి పోతాయి. రీము విప్పాక మిగిలినది దాని కవర్లోనే చుట్టి బీరువాలో పెట్టండి. ప్రింటర్లో పెట్టేముందు కట్టను వేళ్లతో ఒకసారి జల్లున విదిలించండి. ఇరుక్కున్న కాగితాన్ని అది వెళ్లే దిశలోనే, రెండు చేతులతో మెల్లగా లాగాలి. వెనక్కి గుంజితే చిన్న ముక్క లోపల మిగిలి, తర్వాతి ప్రతి కాగితాన్నీ ఇరికిస్తుంది.

సెట్టింగుల్లో కాగితం రకం సరిగ్గా పెట్టండి. చాలా పిగ్మెంట్ నలుపు మోడళ్లలో గ్లాసీ ఫొటో పేపర్ అని ఉంచేస్తే పిగ్మెంట్‌ని పక్కన పెట్టి, మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి. లెడ్జరు అంతా ఊదా ఛాయలో వస్తుంది, రంగుల సీసాలు అయిపోతాయి. ఫొటో తీశాక ప్లెయిన్ పేపర్‌కి మార్చడం అలవాటు చేసుకోండి. ఇంకోటి, ఒక్క రంగు అడుగంటినా నలుపు కూడా తీయనని మొరాయించే ప్రింటర్లు చాలా ఉన్నాయి. వాడినా వాడకపోయినా నాలుగు సీసాలూ ఇంట్లో ఉంచుకోవాలి.

ఆధార్ కార్డు, పాస్‌పోర్ట్ ఫొటోలు తీసేటప్పుడు "ఫిట్" అని ఉంటే తీసేసి "యాక్చువల్ సైజ్" పెట్టండి. ఫిట్‌లో ప్రింటర్ అంచులు వదిలి బొమ్మను కొంచెం కుదిస్తుంది. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు ఉండాల్సిన ఫొటో అలా కుదిస్తే కొలత తప్పుతుంది. స్కేలు పెట్టి ఒకసారి కొలిస్తే నమ్మకం.

తెలుగు ప్రింట్లకు డ్రాఫ్ట్ మోడ్ పనికిరాదు. ఇంగ్లీషు అక్షరం చుక్కలు చుక్కలుగా వచ్చినా చదవగలం. మనకు కింద చిన్నగా వేలాడే ఒత్తులు ఉంటాయి. 10 పాయింట్లలో డ్రాఫ్ట్ తీస్తే "లక్ష్మి" అన్న పేరులో ష ఒత్తు, మ ఒత్తు కలిసి మచ్చలా వస్తాయి. స్టాండర్డ్ పెట్టండి, 12 పాయింట్లు ఉంచండి. అను ఫాంట్లలో చేసిన పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఎవరైనా వర్డ్ ఫైలుగా పంపితే మన కంప్యూటర్లో ఆ ఫాంట్ లేక ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనబడుతుంది, ప్రింట్ కూడా అలాగే వస్తుంది. తప్పు ప్రింటర్‌ది కాదు. పంపినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమనండి.

స్కాన్ విషయంలో ఒక మాట. 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) కాగితాలకు సరిపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఫొటో 100 కేబీ దాటకూడదు, పత్రాలకు కూడా ఒక్కోచోట ఒక్కో పరిమితి. అలాంటప్పుడు 200 డీపీఐ, గ్రేస్కేల్ పెట్టండి. ఏడీఎఫ్ స్కాన్లలో ప్రతి పేజీకీ ఒకే చోట నిలువు గీత వస్తోందా? మూత ఎత్తి, గాజు పలక పక్కన ఉండే సన్నని గాజు పట్టీ చూడండి. ఎవరో ఆరని వైట్‌నర్‌తో కాగితం పెట్టి ఉంటారు, ఆవగింజంత మరక ఉంటుంది. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఎండకుండా చూసుకోవడం

వారానికి ఒక్కసారి నాలుగు రంగులూ ఉన్న పేజీ ఒకటి తీయండి. అంతే. పెద్ద బొమ్మ అక్కర్లేదు, నాలుగు రంగుల్లో చిన్న చతురస్రాలు చాలు. మాకు శనివారం సాయంత్రం మా పాప ఆ పని చూసుకుంటుంది, ఏదో ఒక బొమ్మ తీసి రంగులన్నీ వచ్చాయా అని నాకు చూపిస్తుంది.

కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు సంక్రాంతికి ఊరొచ్చి పది రోజులుండి వెళ్లాడు. వెళ్లిన రోజే ఫోన్. "అక్కా, అక్షరాల మధ్య తెల్ల గీతలొస్తున్నాయి, క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడుతున్నాను."

"ఆపరా ముందు. నాజిల్ చెక్ తీసి ఫొటో పంపు."

నాజిల్ చెక్ కాగితం చదవడం తెలిస్తే సగం సమస్యలు మీరే తేల్చుకోవచ్చు. ప్రింటర్ మెనూలో ఉంటుంది, చాలా కొద్ది ఇంకుతో వస్తుంది. ఎప్సన్‌లో అయితే మెట్లలాగా చిన్న చిన్న గీతలు నాలుగు రంగుల్లో వరసగా వస్తాయి. ఒక్కో గీత ఒక్కో రంధ్రం చేసే పని. ఎక్కడ గీత తెగి ఖాళీ ఉందో ఆ రంధ్రం మూసుకుంది. పసుపు గీతలు తెల్లకాగితం మీద కంటికి ఆనవు, కిటికీ దగ్గర వెలుతురులో వాలుగా పట్టి చూడాలి. మావాడి కాగితంలో మూడు రంగులూ నిండుగా ఉన్నాయి, నలుపులో మధ్యలో కొన్ని మెట్లు లేవు.

మెనూలోనే ఉండే క్లీనింగ్, అంటే హెడ్‌లోంచి ఇంకు లాగి రంధ్రాలు శుభ్రం చేసే పని, ఒకటి చేసి, నాజిల్ చెక్ తీసి, మళ్లీ చూడాలి. మూడుసార్లకు కూడా పూర్తి కాకపోతే ఆపేయాలి. ప్రింటర్‌ని కనీసం 12 గంటలు వదిలేసి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. చాలా ఎప్సన్ ట్యాంక్ మోడళ్ల మాన్యువల్లో ఉన్నది కూడా ఇదే. ఎండిన పొర ఆలోపు ఇంకులోనే నాని మెత్తబడుతుంది. వరసగా పదిసార్లు క్లీనింగ్ కొడితే ఇంకు వృథా అవడం తప్ప పొర నానడానికి సమయం ఏదీ? మావాడికి మర్నాడు పొద్దున రెండో క్లీనింగ్‌కే గీతలన్నీ వచ్చాయి. పవర్ క్లీనింగ్ అనే ఇంకా పెద్ద ఆయుధం మెనూలో ఉంటుంది. దానికి ముందు ట్యాంకుల్లో ఇంకు సరిపడా ఉందో లేదో చూడాలి, లేకపోతే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. అదే కారణంగా మామూలు రోజుల్లో కూడా ట్యాంకు కింది గీత దాటి దిగనివ్వకండి. కంప్యూటర్ చూపించే అంచనా కంటే ట్యాంకు మీద కంటితో చూసిన మట్టమే నిజం.

ఆ క్లీనింగ్ ఇంకంతా ఎక్కడికి పోతుందనుకున్నారు? ప్రింటర్ అడుగున ఒక స్పాంజి లాంటి ప్యాడ్ ఉంటుంది, అది తాగుతుంది. అది నిండిందని లెక్క తేలగానే ప్రింటర్ ఇక కదలనంటుంది. కెనన్ జీ2020, జీ3020 లాంటి వాటిలో ఆ పెట్టెను మనమే తీసి కొత్తది పెట్టొచ్చు. కొన్నిటిలో సర్వీస్ సెంటర్‌లోనే మార్చాలి. కొనేటప్పుడే ఇది అడగండి. యూట్యూబ్‌లో చూపించే రీసెట్ సాఫ్ట్‌వేర్ లెక్కను సున్నా చేస్తుంది కానీ స్పాంజిని ఖాళీ చేయదు, కొన్నాళ్లకు బల్ల మీద నల్లటి మడుగు కడుతుంది.

సగం ధరకు దొరికే బయటి ఇంకుల సంగతి. వారంటీ ఉన్నన్నాళ్లు అసలు కంపెనీ ఇంకే పోయండి. ఆ తర్వాత కూడా, పేజీకి పది పైసల దగ్గర ఉన్న ఖర్చును ఐదు పైసలు చేసుకోవడానికి హెడ్‌ని పణంగా పెట్టడం నాకు సబబుగా అనిపించదు. మరీ ముఖ్యంగా డై ట్యాంకులో పిగ్మెంట్, పిగ్మెంట్ ట్యాంకులో డై ఎప్పుడూ కలపకండి. సీసా మీద నంబరు, మీ ప్రింటర్ లోపల అంటించిన నంబరు ఒకటే అయి ఉండాలి. ఎమ్మార్పీ, తయారీ తేదీ, సీలు చూసి తీసుకుని బిల్లు అడగండి.

ఇల్లు మారేటప్పుడు ట్యాంకు మూతలు గట్టిగా నొక్కి, ప్రింటర్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సమంగా ఒళ్లో పట్టుకుని తీసుకెళ్లండి. లారీలో పక్కకి పడేస్తే ఇంకు లోపలంతా కారుతుంది. రవాణా లాక్ ఉన్న మోడల్ అయితే దాన్ని తిప్పడం, కొత్త ఇంట్లో మళ్లీ వెనక్కి తిప్పడం రెండూ గుర్తుంచుకోండి. అక్కడ పెట్టగానే ముందు ఒక నాజిల్ చెక్ తీసి, అన్ని గీతలూ వచ్చాకే ఖాతాదారుల కాగితాలు మొదలుపెట్టండి.